వెనుక చక్రాలు కదలనప్పుడు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత వర్క్‌షాపు ఫోర్‌మన్ చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా పింఛను గురించి, డి.ఎ. బకాయిల గురించి, వైద్యం బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు, "మీ వృత్తిలోంచి ఏదైనా చెప్పండి, నలుగురికీ పనికిరావాలి" అన్నారు. నా వృత్తి పానాలు, గ్రీజు. నేను వక్తను కాను. అందుచేత మొన్న వర్షాకాలం చివర మా ఇంటి ముందు జరిగిన ఒక చిన్న సంగతి చెబుతాను. దాని వెనుక ఒక పాత సంగతి ఉంది. అది చివర చెబుతాను.

మీలో చాలామందికి నా బండి తెలుసు. నేను 2008లో పదవీ విరమణ చేసిన ఏడాదే వేలంలో కొన్నాను. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించే రకం. గేరు లివరు పక్కనే ఇంకొక చిన్న లివరు ఉంటుంది. కంపెనీ పేరుతో మనకు పని లేదు. పదిహేనేళ్లు నిండిన తరువాత ఐదేసి ఏళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వాడుకుంటున్నాను. మా ఆవిడ పుట్టిల్లు రంపచోడవరం దాటి లోపలికి వెళ్లాలి. వానలు పడితే ఆ దారిలో ఈ బండే గతి.

జూలైలో అమ్మాయి పురుడని హైదరాబాదు వెళ్లాం. వెళ్లే ముందు బండి శుభ్రంగా కడిగాను. తడి ఆరకముందే షెడ్డులో పెట్టి, ఎవరూ తోసుకుపోకుండా హ్యాండ్ బ్రేకు బలంగా లాగి వెళ్లాను. మాది కాకినాడ, ఉప్పు గాలి. రెండు నెలల తరువాత తిరిగి వచ్చాం. రాగానే మా అత్తగారికి ఒంట్లో బాగాలేదని కబురు. ఇంజను స్టార్టయింది. మొదటి గేరులో క్లచ్ వదిలితే బండి వెనక్కి కుంగి ఇంజను ఆగిపోయింది. రివర్సు వేసినా అంతే. వెనుక చక్రాలు రెండూ రాయిలా ఉన్నాయి.

వీధిలో పది మంది చేరారు. ఒకాయన "ట్రాక్టరు కట్టి లాగండి, అదే వస్తుంది" అన్నారు. మా మరిది కంగారు మీద ఉన్నాడు, "ఇంకొంచెం ఎక్సలేటరు ఇవ్వండి బావగారూ" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ రెండుసార్లు ఎక్కువ రేజ్ చేసి చూశాను. లోపల టక్కుమని ఏదో శబ్దం. అప్పుడు బుద్ధి వచ్చి తాళం తీసేశాను. ఆవిడను, మరిదిని అద్దె కారులో పంపించాను.

సాయంత్రం ఒక మెకానిక్కును పిలిచాను. మంచి కుర్రాడే. బండి కింద టార్చి వేసి చూసి, "డిఫరెన్షియల్ జామ్ అయింది గురువుగారూ. హౌసింగు దింపాలి. క్రేనుతో షెడ్డుకి లాగించండి, నలభై వేలు చూసుకోండి" అన్నాడు. జాకీ ఎత్తలేదు, చక్రం తిప్పలేదు. నాకు కోపం రావలసింది. రాలేదు. ఎందుకు రాలేదో చివర చెబుతాను. "రేపు చెబుతాలే నాయనా" అని పంపేశాను.

ఆ రాత్రి కూర్చుని కాగితం మీద రాసుకున్నాను. వెనుక చక్రాన్ని పట్టుకోగలిగినవి ఎన్ని? చక్రం దగ్గర బ్రేకు షూ, హ్యాండ్ బ్రేకు కేబులు, వీల్ సిలిండరు, బేరింగు. మధ్యలో డిఫరెన్షియల్. ముందుకు వస్తే ప్రొపెల్లర్ షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేసు, గేరుబాక్సు, ఇంజను. ఇన్నిటిలో ఏది పట్టుకున్నా బయటికి కనిపించేది ఒక్కటే, చక్రం కదలదు. కాబట్టి పేరు పెట్టే ముందు ఒక్కొక్కదాన్నీ విడదీసి చూడాలి. డబ్బు ఖర్చు లేని పరీక్ష ముందు, విప్పవలసిన పరీక్ష తరువాత. ఈ వరుస మీరు కూడా గుర్తుపెట్టుకోండి.

బండి చరిత్ర

డాక్టరుగారు నాడి చూడకముందే "ఎప్పటినుంచి?" అని అడుగుతారు కదా. ఇక్కడా అంతే. నిలిపి ఉంచిన బండి నిలిచిన చోటే పట్టేస్తే నూటికి తొంభై పాళ్లు బ్రేకులే. తడి డ్రమ్ముకు షూ అతుక్కుని తుప్పు పట్టడమో, కేబులు తన గొట్టంలో తుప్పుపట్టి వెనక్కి రాకపోవడమో అయి ఉంటుంది.

నడుస్తూ నడుస్తూ, మూలుగుతూ, వేడి వాసనతో పట్టేస్తే బేరింగుకో డిఫరెన్షియల్‌కో ప్రమాదం. ఆ బండిని ఇక ఒక్క అడుగు కూడా నడపకూడదు.

బ్రేకు తొక్కినప్పుడల్లా పట్టేసి, కాసేపటికి నెమ్మదిగా వదులుతుంటే బ్రేకు ఆయిలు వెనక్కి రావడం లేదన్నమాట. రబ్బరు హోసు లోపల వాచి మూసుకుపోయినా, మాస్టరు సిలిండరు సరిగా వదలకపోయినా ఇలా జరుగుతుంది. దీనికి సులువైన పరీక్ష ఉంది. పట్టేసి ఉన్నప్పుడు ఆ చక్రం బ్లీడరు నిపుల్ కొంచెం వదులు చెయ్యాలి. ఆయిలు చిమ్మి చక్రం వదిలిందా, తప్పు ఆయిలు దారిలో ఉంది. వదలలేదా, తప్పు షూలోనో కేబులులోనో ఉంది. ఆ ఆయిలు కంట్లో పడకూడదు, పెయింటు మీద పడనివ్వకూడదు. తరువాత గాలి తీయడం మరిచిపోకూడదు.

నాలుగు చక్రాల డ్రైవు బండికి ప్రత్యేకమైన రోగం ఒకటుంది. లివరుతో వేసే రకంలో ఆ డ్రైవు వేస్తే ముందు, వెనుక షాఫ్టులు ఒకదానికొకటి బిగుసుకుని ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. బురదలో, ఇసుకలో చక్రం జారి సర్దుకుంటుంది. గట్టి తారు రోడ్డు మీద జారదు. షాఫ్టులు తాడు మెలితిరిగినట్టు బిగుస్తాయి. బండి బరువెక్కుతుంది, లివరు వెనక్కి రాదు. చాలామంది దీన్ని చూసి చక్రాలు పట్టేశాయనుకుంటారు. కొంచెం దూరం తిన్నగా వెనక్కి పోనిస్తే మెలి విడిపోతుంది. ఆ డ్రైవును తారు రోడ్డు మీద వాడకపోవడమే అసలు మందు.

నా బండి నిలిచి ఉన్నచోట పట్టేసింది. అంటే అనుమానం బ్రేకుల మీద. అనుమానమే గాని నిర్ధారణ కాదు. రేజ్ చేసినప్పుడు వచ్చిన ఆ టక్కు శబ్దం నన్ను భయపెడుతూనే ఉంది.

జాకీ ఎత్తే ముందు

ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో ప్రాణం ఉంది. మన అలవాటు ఏమిటి? గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, జాకీ పెడతాం. ఈ రకం బండి మామూలు నడకలో వెనుక చక్రాలతోనే నడుస్తుంది. గేరు పట్టుకునేది వెనుక చక్రాలనే. హ్యాండ్ బ్రేకు పట్టుకునేదీ వెనుక చక్రాలనే. ఆ రెండూ గాల్లోకి లేచాక బండిని నేల మీద పట్టుకునేది ఏదీ ఉండదు. ముందు చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతాయి. ఒక్క వెనుక చక్రం ఎత్తినా, గేరును నమ్మకూడదు. డిఫరెన్షియల్ ఉన్నదే ఒక చక్రం తిరిగితే రెండోది వేరుగా తిరగడానికి. కొన్ని పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర కాక ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉండేది. వాటికీ ఇదే ప్రమాదం.

కాబట్టి గట్టి సమతలమైన నేల ఉండాలి. ముందు రెండు చక్రాలకూ ముందూ వెనుకా చెక్క దిమ్మలు గట్టిగా దిగ్గొట్టాలి. జాకీతో ఎత్తి, యాక్సిల్ గొట్టం కింద ఇనుప స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించాలి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఇటుకలు వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. స్టాండ్ల మీద ఉన్నా సరే, కిందికి దూరే ముందు చేత్తో బలంగా ఊపి చూడండి. మన వయసులో ఇంకొక నియమం కూడా ఉంది. ఒంటరిగా చేయకండి. నాకు 75 ఏళ్లు. జాకీ కొట్టింది, కింద పడుకున్నది పక్కింటి పాలిటెక్నిక్ కుర్రాడు. నేను స్టూలు మీద కూర్చుని చెప్పాను.

చేత్తో తిప్పి చూడటం

వెనుక చక్రాలు రెండూ పైకి లేచాయి. గేరు న్యూట్రల్. చిన్న లివరు కూడా న్యూట్రల్. ఇది ఈ రకం బండి ఇచ్చే వరం. చిన్న లివరు న్యూట్రల్లో ఉంటే ఇంజను, గేరుబాక్సు ఒక వైపు, షాఫ్టులు, చక్రాలు ఇంకొక వైపు. ఒక్క పానా ముట్టకుండా బండిని రెండు ముక్కలు చేసినట్టే. హ్యాండ్ బ్రేకు వదిలేసి, చేత్తో చక్రం తిప్పి చూడాలి. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో జవాబులు మూడే.

మొదటిది. ఒక చక్రం తిరుగుతుంది, దాంతో పాటు ప్రొపెల్లర్ షాఫ్టూ తిరుగుతుంది, రెండో చక్రం మాత్రం కదలదు. అంటే డిఫరెన్షియల్ తన పని తాను చేస్తోంది. తప్పు ఆ కదలని చక్రం దగ్గరే, బ్రేకులోనో బేరింగులోనో.

రెండవది. ఒక చక్రం ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతుంది. రెండింటినీ ఒకే వైపుకు తిప్పబోతే రావు. అంటే చక్రాలు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి, డిఫరెన్షియల్ బాగుంది. ప్రొపెల్లర్ షాఫ్టును ముందు నుంచి ఎవరో పట్టుకున్నారు. ట్రాన్స్‌ఫర్ కేసో, షాఫ్టు మీది హ్యాండ్ బ్రేకో అయి ఉండాలి. షాఫ్టు ఫ్లాంజికి పెయింటుతో గుర్తు పెట్టుకుని బోల్టులు విప్పితే సందేహం తీరిపోతుంది.

మూడవది. రెండు చక్రాలూ కదలవు. నాది ఇదే. అప్పుడు దోషి డిఫరెన్షియల్ కావచ్చు, లేదా రెండు డ్రమ్ములూ కావచ్చు. దీన్ని తేల్చేది ప్రొపెల్లర్ షాఫ్టు. దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. పళ్లకూ పళ్లకూ మధ్య ఉండే సందు వల్ల అది కొద్దిగా ఆడి, టక్కున ఆగాలి. అలా ఆడితే లోపల పళ్లు బతికే ఉన్నాయి, చక్రాల దగ్గర ఎవరో పట్టుకున్నారని అర్థం. ఇసుమంత కూడా ఆడకుండా బండరాయిలా ఉంటే డిఫరెన్షియల్ మీద అనుమానం బలపడుతుంది.

కుర్రాడు కింద నుంచి "ఆడుతోంది తాతగారూ, కొంచెం ఆడి ఆగుతోంది" అన్నాడు. నేను రేజ్ చేసినప్పుడు వచ్చిన టక్కు శబ్దం కూడా అదే. ఇంకొక సాక్ష్యం కూడా కావాలనుకున్నాను. డిఫరెన్షియల్ ఫిల్లరు ప్లగ్గు విప్పించి వేలు పెట్టించాను. ఆయిలు అంచు దాకా ఉంది, ఇనుప తునకలు లేవు. పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయని అర్థం, అదీ లేదు. డిఫరెన్షియల్ నిర్దోషి.

డ్రమ్ము విప్పడం

తరువాత హ్యాండ్ బ్రేకు కేబులు. ఈక్వలైజరు దగ్గర నట్టు పూర్తిగా వదులు చేయించాను. డ్రమ్ము వెనుక ప్లేటులోంచి వచ్చే చిన్న లివరు కుడివైపు వెనక్కి రాలేదు. చొచ్చుకుపోయే నూనె పోసి, లివరును నెమ్మదిగా ఆడిస్తే వచ్చింది. కుడి చక్రం తిరిగింది. అంటే కుడివైపు రోగం కేబులుది. ఎడమవైపు కేబులు వదులుగానే ఉంది, చక్రం మాత్రం కదలలేదు. అక్కడ షూ డ్రమ్ముకు అతుక్కుపోయింది. ఒకే బండి, ఒకే లక్షణం, రెండు చక్రాలకు రెండు వేరు వేరు కారణాలు!

ఎడమ చక్రం విప్పాం. డ్రమ్ముకు చెక్క అడ్డం పెట్టి సుత్తితో చుట్టూ సమంగా కొట్టాం. డ్రమ్ము అంచు మీద నేరుగా కొడితే పగులుతుంది. చాలా డ్రమ్ముల ముఖం మీద మరలున్న రంధ్రాలు రెండుంటాయి. వాటిలో సరిపోయిన బోల్టులు వేసి, ఒకదాని తరువాత ఒకటి పావు చుట్టు చొప్పున బిగిస్తే డ్రమ్ము తనంతట తానే బయటికి వస్తుంది. ఫట్‌మని విడిపోయింది. లైనింగు ముక్క ఒకటి డ్రమ్ముకే అతుక్కుని ఉంది. వీల్ సిలిండరు రబ్బరు కూడా కారుతోంది.

ఒక హెచ్చరిక. ఆ డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకండి, గాలి పైపు పెట్టకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. అది ఊపిరితిత్తులకు చెరుపు. మనం సర్వీసులో ఉన్నప్పుడు తెలియక రోజూ ఊదాం. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

ఒక వైపే పాడైనా రెండు వైపులా షూలు మార్చాలి, లేకపోతే బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. షూలు, కేబులు, సిలిండరు రబ్బర్లు అన్నీ కలిపి 3,800 రూపాయలు అయ్యాయి. బిగించడానికి ఆ మెకానిక్కు కుర్రాడినే పిలిచాను. బ్రేకు పని బిగింపులో నా చేతుల వణుకును నేను నమ్మను. అతనికి షాఫ్టు ఆడించి చూపించాను. "ఇది నాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు. ఇక నాలుగో రోజున ఆ బండి మీదే నేను కొండ ఎక్కి మా అత్తగారిని చూసి వచ్చాను.

ఆ రోజు ట్రాక్టరుతో లాగించి ఉంటే ఏమయ్యేది? చక్రాలు తిరగకుండా నేల మీద ఈడ్చుకుపోయి టైర్లు ఒకచోట అరిగి చప్పబడేవి. నిజంగా డిఫరెన్షియల్ పట్టేసి ఉంటే విరిగిన పన్ను హౌసింగును పగలగొట్టేది. ఏది పట్టుకుందో తెలియనప్పుడు లాగడం అంత చెరుపు ఇంకొకటి లేదు.

విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లేవారు ఒక మాట గుర్తుంచుకోండి. అక్కడి కార్లలో చాలావాటికి ఆ చిన్న లివరు ఉండదు, ముందు వెనుకల మధ్య పంపకం దానంతట అదే జరుగుతుంది. వాటిని రెండు చక్రాలు ఎత్తి, రెండు నేల మీద ఉంచి ఇంజను నడపకూడదు, నేల మీది చక్రాలు బండిని స్టాండ్ల మీద నుంచి దూకించగలవు. లాగవలసి వస్తే నాలుగు చక్రాలూ లారీ మీదికి ఎక్కించాలి. మీట నొక్కితే మోటారుతో పడే హ్యాండ్ బ్రేకు ఉన్న కారును బలవంతంగా విప్పకూడదు. మంచు దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కాబట్టి తుప్పు రోగం మన సముద్రపు ఒడ్డులాగే ఉంటుంది.

పాత సంగతి

ఇక నాకు ఆ కుర్రాడి మీద కోపం ఎందుకు రాలేదో చెబుతాను.

1988లో మా వర్క్‌షాపుకు ఒక డిపార్టుమెంటు జీపు వచ్చింది. వెనుక చక్రాలు పట్టేశాయి. ఆ రోజు షెడ్డు నిండా బళ్లు. నేను జాకీ ఎత్తించలేదు. కిందికి వంగి చూసి, "డిఫరెన్షియల్ చెడినది, ఆయిలు చూసుకోకపోవుటచే" అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. ఆ రిపోర్టు మీద డ్రైవరుకు మెమో వచ్చింది. ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఆరు నెలల తరువాత వంతు వచ్చి హౌసింగు విప్పితే లోపల ఆయిలు నిండుగా ఉంది, పళ్లు కొత్తవాటిలా ఉన్నాయి. పట్టేసింది హ్యాండ్ బ్రేకు. నేను పై అధికారికి నోటితో చెప్పాను. "ఫైలు మూసేశాం కదయ్యా" అన్నారు. నేను రాతపూర్వకంగా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నా రిపోర్టు తప్పని నేనే ఒప్పుకున్నట్టయ్యేది.

ఆ డ్రైవరు నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. ఎదురుపడితే "నమస్కారం ఫోర్‌మన్ గారూ" అనేవాడు. ఒక్కసారి మాత్రం, "ఆయిలు నేనే పోశానండీ" అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇంక్రిమెంటు ఆగితే ఆ తరువాత జీతం ఎంత తగ్గుతుందో, ఈ హాలులో కూర్చున్న మీ అందరికీ లెక్క కట్టి చెప్పనక్కరలేదు.

మొన్న ఆ కుర్రాడు "డిఫరెన్షియల్" అనగానే నాకు నా సంతకం కనిపించింది. అతని తొందర నలభై వేలతో పోయేది, అదీ నా డబ్బు. నా తొందరకు ఇంకొకరు కట్టారు.

అందుచేత మిత్రులారా, బండి కదలకపోతే దిమ్మలు పెట్టండి, స్టాండ్లు పెట్టండి, చేత్తో తిప్పి చూడండి. ఏది పట్టుకుందో తేలాకే పేరు పెట్టండి. ఇంకొక చిన్న మాట. కడిగిన బండిని నాలుగు అడుగులు నడిపి, బ్రేకులు ఆరనిచ్చి నిలపండి. చాలా రోజులు ఊరు వెళ్లేటప్పుడు సమతలం మీద గేరులో పెట్టి, చక్రాలకు దిమ్మలు వేసి, హ్యాండ్ బ్రేకు వదిలేసి వెళ్లండి.

ఆ డ్రైవరుగారి కుమారుడు మన ఊళ్లోనే ఉన్నాడు. 1988 నాటి సంగతి ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, పోయిన నెల ఆయన ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చాను. ఆ కాగితం ఇప్పుడు ఏ ఆఫీసులోనూ చెల్లదు. ఆయన చదివి, మడిచి, తండ్రిగారి ఫోటో వెనుక పెట్టాడు. నాకు కాఫీ ఇచ్చారు.